ఆట మూడుంబావుకి, టిక్కెట్టు ముప్పై

ఆటస్థలం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఊళ్లో ఫుట్‌బాల్ క్లబ్బు నడిపేవాళ్లు, పండక్కి టోర్నమెంటు పెట్టేవాళ్లు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి రాసిన ఉత్తరాల్లో ఈసారి ఎక్కువగా ఒకటే సంగతి: మ్యాచ్ ఉందని జనానికి తెలియజేయడం ఎలా, టిక్కెట్లు తెగేది ఎలా? ఒకే తరహా ప్రశ్నలను కలిపేశాం.

సంక్రాంతి సెలవుల్లో ఎనిమిది జట్లతో నాకౌట్ పోటీలు పెడుతున్నాం. టిక్కెట్టు పెట్టడం ఇదే మొదటిసారి. ప్రచారం ఎన్నాళ్ల ముందు మొదలుపెట్టాలి?
— ఒక క్లబ్బు కార్యదర్శి, శ్రీకాకుళం

రెండు నెలల ముందు ఒకసారి, పది రోజుల ముందు ఒకసారి, మూడు రోజుల ముందు ఇంకోసారి. మధ్యలో రోజూ అరిచినా పెద్దగా ఒరిగేదేమీ లేదు.

రెండు నెలలు ఎందుకంటారా? మీ జిల్లా మనుషులు చాలామంది హైదరాబాదులో, విశాఖలో, చెన్నైలో, గుజరాత్ రేవుల్లో పనులు చేసుకుంటూ పండక్కి ఇంటికొస్తారు. రైల్లో రిజర్వేషన్ ఇప్పుడు ప్రయాణానికి 60 రోజుల ముందు మొదలవుతోంది. నవంబరు మధ్యలో వాళ్లు టిక్కెట్లు తీసుకునే వేళకే ఫైనల్ ఏ రోజో తెలిస్తే తిరుగు ప్రయాణం దాన్నిబట్టి పెట్టుకుంటారు. అప్పటికి పోస్టరు అక్కర్లేదు. తేదీ, వేళ, గ్రౌండు పేరు ఊరి వాట్సాప్ గ్రూపుల్లో పడితే చాలు.

ఫైనల్‌ను కనుమకి పెట్టుకోండి. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కదా, ఊరంతా ఊళ్లోనే ఉంటుంది. సంక్రాంతి నాడు పెద్దలకి పెట్టుకునే ఇళ్లలో మధ్యాహ్నం ఎవరికీ తీరిక ఉండదు, ఆ రోజు ఆట వద్దు. ముక్కనుమకి పెడితే కొందరు అప్పటికే బ్యాగు సర్దుకుంటూ ఉంటారు.

వేళ దగ్గర ఎక్కువ క్లబ్బులు దెబ్బతింటాయి. జనవరి మధ్యలో మీ దగ్గర పొద్దు సుమారు 5.40కి గూకుతుంది, డిసెంబరు మొదట్లో అయితే 5.20కే. ఒక్కో సగం 45 నిమిషాలు, మధ్యలో 15, ఆగిన సమయానికి మరో 6-8 నిమిషాలు కలుపుకుంటే మ్యాచ్‌కి దాదాపు రెండు గంటలు. డ్రాగా ముగిసినా సరిపోయే మ్యాచ్ అయితే 3.15కి మొదలై 5.10కల్లా ఒడ్డున పడుతుంది. నాకౌట్‌లో ఆ లెక్క చాలదు. అదనపు సమయం 30 నిమిషాలు, ఆపైన పెనాల్టీలు పడితే 3.15కి మొదలైన ఆట ఆరు దాకా సాగుతుంది. బంతి కనబడక గోల్‌కీపర్లు గొడవపెడతారు, ప్రేక్షకులు తిట్టుకుంటూ వెళ్తారు. ఫ్లడ్‌లైట్లు లేని గ్రౌండులో నాకౌట్ మ్యాచ్ 2.30కి మొదలవ్వాలి.

పోస్టరు మీద వేసిన వేళకే విజిల్ పడాలి. ముఖ్య అతిథి రాలేదని ముప్పావుగంట ఆపితే, ఎండలో కూర్చున్న మనిషి మళ్లీ టిక్కెట్టు కొనడు. అతిథిని విరామంలో గ్రౌండులోకి తీసుకెళ్లి ఆటగాళ్లను పరిచయం చేయండి. ఆయన ఆలస్యంగా వచ్చినా ఆట ఆగదు, పైగా అప్పటికి జనం నిండుగా ఉంటారు కాబట్టి ఆయనకీ సంతోషమే.

ఫ్లెక్సీలకి బాగా ఖర్చయింది, గ్రౌండుకి జనం మాత్రం రాలేదు. తప్పు ఎక్కడుంది?
— విజయనగరం

మీరు పంపిన ఫొటో చూశాం. పన్నెండు మొహాలున్నాయి, ఆట వేళ లేదు. గ్రౌండు పేరు అడుగున, దాతల పేర్ల కింద, వేలెడంత అక్షరాల్లో ఉంది. చందా ఇచ్చినవాళ్ల ఫొటోలు వేయక తప్పదు, మాకూ తెలుసు. వాళ్లకి అడుగున మూడో వంతు ఇచ్చి పైన రెండు వంతులు ఆటకి ఉంచుకోండి. ఎవరితో ఎవరు, ఏ రోజు, ఎన్నింటికి, ఎక్కడ, ఎంత: ఈ ఐదూ అక్కడ ఉండాలి. ఆరో ముక్క అక్కర్లేదు.

అక్షరం సైజుకి ఒక లెక్క ఉంది. పది అడుగుల దూరం నుంచి హాయిగా చదవాలంటే అక్షరం ఎత్తు ఒక అంగుళం ఉండాలి. మీ ఊరి మూడు లాంతర్ల కూడలి దగ్గర బండి మీద వెళ్లేవాడు అరవై అడుగుల దూరంలో బ్యానరు చూస్తాడు, అంటే ఆరంగుళాలు. తెలుగులో వత్తులు కిందికి దిగుతాయి, కాబట్టి వరుసల మధ్య ఇంకాస్త జాగా వదలాలి. లేకపోతే పై వరుస వత్తు కింది వరుస తలకట్టుకి తగిలి రెండూ చదవరావు. పసుపు మీద ఎరుపు దగ్గర్నుంచి బాగుంటుంది, దూరానికి కలిసిపోతుంది. పసుపు మీద నలుపు గానీ ముదురు నీలం మీద తెలుపు గానీ వాడండి.

ప్రెస్సులో ఇంకో చిక్కు. మీరు ఫోన్లో టైప్ చేసి పంపిన మేటర్ యూనికోడ్‌లో ఉంటుంది. చాలా ప్రెస్సుల్లో డీటీపీ, అంటే కంప్యూటరులో అక్షరాల కూర్పు, యూనికోడ్ కాని 'అను' ఫాంట్లలో చేస్తారు. మార్చేటప్పుడు వత్తులు ఊడిపోవడం, సున్నాలు ఎగిరిపోవడం మామూలే. ప్రూఫ్ చూడకుండా ప్రింటుకి ఒప్పుకోవద్దు. తేదీకి వారం సరిపోయిందో లేదో వేరే మనిషితో చదివించండి, రాసినవాడి కంటికి తన తప్పు ఆనదు. బొమ్మల్ని వాట్సాప్‌లో ఫొటోగా పంపితే నాణ్యత తగ్గిపోయి ఫ్లెక్సీ మీద మసకగా వస్తాయి, డాక్యుమెంటుగా పంపాలి.

వంద మైక్రాన్ల కంటే పల్చని ప్లాస్టిక్, పీవీసీ బ్యానర్లు దేశమంతా 2022 జూలై 1 నుంచి నిషిద్ధం. గుడ్డ బ్యానరు అయితే ఆ బెడద లేదు. తేదీ వేయకుండా క్లబ్బు పేరుతో కుట్టించి, తేదీ ఉన్న ముక్కను పైన పిన్నులతో తగిలిస్తే మరుసటి ఏడాదీ పనికొస్తుంది. ఎక్కడ కట్టినా మున్సిపాలిటీ అనుమతి తీసుకోండి. కరెంటు స్తంభాల జోలికి పోవద్దు.

టిక్కెట్లు ఎలా అచ్చు వేయించాలి? కిందటిసారి గ్రౌండు నిండింది గానీ డబ్బాలో డబ్బు లేదు.
— రాజాం

అచ్చు కంటే లెక్క ముఖ్యం కాబట్టి రెండూ చెబుతాం.

టిక్కెట్టు కొలత 5.5 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు పెట్టుకోండి. డిజిటల్ ప్రెస్సుల్లో వాడే 12×18 అంగుళాల కాగితం మీద, అంచులు పోగా, అడ్డంగా రెండు, నిలువుగా ఎనిమిది, మొత్తం 16 పడతాయి. వెయ్యి టిక్కెట్లకి 63 కాగితాలు. టిక్కెట్టుకి మూడు భాగాలు: అమ్మేవాడి దగ్గర మిగిలే అడుగు ముక్క, ప్రేక్షకుడి దగ్గర ఉండే భాగం, గేటు దగ్గర చించుకునే చివర. మూడింటి మీదా ఒకే నంబరు ఉండాలి. చివర్ల దగ్గర చుక్కల కోత, అంటే పర్ఫరేషన్, వేయించండి. అది లేకపోతే గేటులో హడావుడిగా చించినప్పుడు నంబరు సగానికి చిరుగుతుంది.

నంబర్లు వేసే పద్ధతి ముందే చెప్పాలి. మొదటి కాగితం మొదటి గడిలో 1, రెండో కాగితం మొదటి గడిలో 2, ఇలా వెళ్లి రెండో గడి 64తో మొదలవ్వాలి. అప్పుడు దొంతిని ఒకేసారి కోస్తే ప్రతి దొంతీ వరుసగా వస్తుంది. చెప్పకపోతే ఒకే కాగితం మీద 1 నుంచి 16 వేసేస్తారు, రాత్రంతా కూర్చుని వెయ్యి ముక్కలు పేర్చుకోవాలి.

జిరాక్స్ దొంగతనానికి మందు రంగు కాగితం, క్లబ్బు స్టాంపు. స్టాంపు సగం అడుగు ముక్క మీద, సగం టిక్కెట్టు మీద పడేలా, నలుపు కాని సిరాతో వేయండి. చించిన అంచులు పక్కపక్కన పెడితే అసలేదో నకిలీ ఏదో తేలిపోతుంది.

టిక్కెట్లు 50 చొప్పున పుస్తకాలుగా కుట్టించి, ఎవరికి ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా ఇచ్చారో ఒక నోటుబుక్కులో రాసి సంతకం పెట్టించుకోండి. మ్యాచ్ ముందు రోజు రాత్రికి మిగిలిన పుస్తకాలు తిరిగి రావాలి. ఇచ్చినవి తీసేయ్ తిరిగొచ్చినవి, అవే అమ్ముడుపోయినవి. ఆ సంఖ్యని ధరతో గుణిస్తే వచ్చే మొత్తం చేతిలో ఉండాలి. 'పుస్తకం ఎక్కడో పోయింది' అన్నవాడు 50 టిక్కెట్ల డబ్బూ కట్టాలని ఇచ్చేటప్పుడే చెప్పండి. పోయే పుస్తకాలు చాలావరకు దొరుకుతాయి.

గేటు దగ్గర చించిన చివర్లు మూతకి చీలిక ఉన్న డబ్బాలో పడాలి. మ్యాచ్ అయ్యాక అవి లెక్కపెట్టండి. అమ్మినవి 430, డబ్బాలో 412 ఉంటే పద్దెనిమిది మంది కొని రాలేదు, పరవాలేదు. డబ్బాలో 450 ఉంటే ఇరవై నకిలీలో, లెక్కలోకి రాని టిక్కెట్లో గేటు దాటాయన్నమాట. మీ కిందటిసారి చిల్లు ఇక్కడే ఉండొచ్చు. లేదా చించకుండా లోపలికి పంపారేమో. చించని టిక్కెట్టు గోడ మీదుగా బయటికి వెళ్లి ఇంకో మనిషితో మళ్లీ లోపలికి వస్తుంది.

ఉచిత పాసులు వేరే రంగులో, వేరే నంబర్లతో ఉండాలి. రెండు జట్లలో 18 మంది చొప్పున 36 మంది ఆటగాళ్లకి తలా రెండు పాసులంటే 72 కుర్చీలు. దాతల పాసులు కూడా కలిపితే ముందు వరుసలన్నీ డబ్బు కట్టనివాళ్లవే అవుతాయి. ఈ సంఖ్యని కమిటీలో ముందే తేల్చి మినిట్స్‌లో రాసుకోండి, గేటు దగ్గర మొహమాటం తప్పుతుంది.

ఒకటి కొంటే ఒకటి ఉచితం అని పెడదామంటున్నారు మావాళ్లు. ఏ ఆఫర్ పనిచేస్తుంది?
— నెల్లిమర్ల

అది వద్దు. ముప్పై రూపాయల టిక్కెట్టు నిజానికి పదిహేనే అని మీరే ఊరంతా చాటినట్టు. పై మ్యాచ్‌కి ముప్పై అడిగితే ఎవరూ ఇవ్వరు.

ముందుగా ఖర్చు రాసుకోండి. రిఫరీలు, సున్నం, టెంటు, కుర్చీలు, మైకు, నీళ్లు, బంతులు అన్నీ కలిపి 12,000 అవుతుందనుకుందాం. అందరూ 30 పెట్టి కొంటే 400 మంది వస్తే గట్టెక్కుతారు. ఆఫర్ల వల్ల సగటున 22 చేతికొస్తే 546 మంది కావాలి. ఆ అదనపు 146 మంది ఈ ఆఫర్ చూసే వస్తారా అని కమిటీలో ఒక్కరైనా అడగాలి. రారనిపిస్తే, ఎలాగూ వచ్చేవాళ్లకే తగ్గించి ఇస్తున్నారన్నమాట.

బాగా పనిచేసేది ముందస్తు ధర. గేటులో 30, ముందు రోజు సాయంత్రం ఆరు లోపు కొంటే 20. పది రూపాయలు పోతాయి గానీ, టెంటువాడికి అడ్వాన్సు ఇవ్వడానికి డబ్బు చేతిలో ఉంటుంది, ఎంతమంది వస్తారో కొంత తెలుస్తుంది, గేటు దగ్గర తొక్కిసలాట తగ్గుతుంది. గడువు దాటాక మాత్రం మేనల్లుడొచ్చినా ముప్పయ్యే. ఒక్కసారి సడలిస్తే ఆ ఆఫర్‌కి విలువ ఉండదు.

స్నేహితుల గుంపుకి ఐదు టిక్కెట్లు వంద. ఇది కూడా తలకి ఇరవయ్యే కాబట్టి ముందస్తు ధరతో కలపకూడదు. 'రెండు ఆఫర్లు కలిపి వర్తించవు' అని టిక్కెట్టు మీదే వేయండి. పన్నెండేళ్లలోపు పిల్లలు పెద్దవాళ్లతో వస్తే ఉచితం, కానీ ఒక పెద్దకి ఇద్దరే. ఈ హద్దు లేకపోతే ఒక మాస్టారి వెనక వీధి వీధంతా వస్తుంది. కాలేజీ పిల్లలకి ఐడీ కార్డు చూపిస్తే 20.

సొంత గ్రౌండులో వరుసగా మ్యాచ్‌లు ఆడే క్లబ్బు అయితే సీజన్ పాసు పెట్టొచ్చు. ఐదు మ్యాచ్‌లకి 150 అయ్యేది వందకి. కార్డు మీద ఐదు గడులు, ప్రతిసారీ గేటులో ఒక గడికి పంచ్. ఒక మ్యాచ్ రద్దయితే ఆ గడి ఏమవుతుందో కార్డు వెనక రాయాలి.

ఇంకోటి ఉంది, డబ్బు పోని ఆఫర్. టీ కొట్టుతో గానీ మురీ మిక్చర్ బండితో గానీ మాట్లాడుకుని 40కి టిక్కెట్టు, పది రూపాయల కూపను కలిపి అమ్మండి. బండివాడికి కూపనుకి ఏడు చెల్లించండి. ఆయనకి గిరాకీ ఖాయం, మీకు మూడు మిగులుతుంది. కూపను ఆ రోజుకే చెల్లుతుందని వేయడం మరిచిపోవద్దు.

టిక్కెట్టు నంబర్ల మీద లక్కీ డ్రా తీసి సైకిలు ఇద్దామా?
— పలాస

వద్దు. డబ్బు తీసుకుని, అదృష్టం మీద బహుమతి ఇస్తే లాటరీ కిందికి వస్తుంది. ప్రభుత్వ అనుమతి లేని లాటరీ భారతీయ న్యాయ సంహిత 297వ సెక్షన్ ప్రకారం నేరం. సైకిలు ఇవ్వాలనే ఉంటే విరామంలో పిల్లలకి పెనాల్టీ పోటీ పెట్టండి, గెలిచినవాడు తొక్కుకుంటూ పోతాడు. నైపుణ్యానికి ఇచ్చే బహుమతికి ఆ ఇబ్బంది లేదు.

టిక్కెట్టు మీద జీఎస్టీ కట్టాలా?
— చీపురుపల్లి

గుర్తింపు ఉన్న క్రీడా సంస్థ జరిపే జిల్లా, రాష్ట్ర స్థాయి పోటీలకి తలకి 500 రూపాయల దాకా ప్రవేశ టిక్కెట్టు మీద జీఎస్టీ మినహాయింపు ఉంది. మీది ఊరి టోర్నమెంటు అయి ఆ గుర్తింపు కిందికి రాకపోయినా, సేవల మీద ఏడాది ఆదాయం 20 లక్షలు దాటనివాళ్లకి రిజిస్ట్రేషనే అక్కర్లేదు. ముప్పై రూపాయల టిక్కెట్లతో ఆ అంకె దాటితే ముందు మీకు అభినందనలు, ఆ తర్వాత ఆడిటరును కలవండి.

ఆటోకి మైకు కట్టి తిప్పాం. ఎవరూ విన్నట్టు లేదు. ఏం చెప్పించాలి?
— టెక్కలి

మీ ప్రకటన రెండు నిమిషాలుందని రాశారు. లోపం అందులోనే ఉంది. ఆటో గంటకి 10 కిలోమీటర్ల వేగంతో వెళ్తే సెకనుకి దాదాపు మూడు మీటర్లు కదులుతుంది. వీధిలో మాట స్పష్టంగా వినబడేది ముందు 50 మీటర్లు, వెనక 50 మీటర్లు అనుకుంటే, గుమ్మంలో నిలబడ్డ మనిషికి మీ మైకు 35 సెకన్లే వినిపిస్తుంది. ఆ 35 సెకన్లలో విషయం రెండుసార్లు పడాలి. అంటే ప్రకటన 15 సెకన్లు, ముప్పై మాటలు దాటకూడదు. 'క్రీడాభిమానులకు, పురప్రజలకు విజ్ఞప్తి' అనే సరికే ఆటో మలుపు తిరిగిపోతుంది.

ఇలా చెప్పించి చూడండి: 'ఆదివారం మధ్యాహ్నం మూడుంబావుకి, కాలేజీ గ్రౌండులో ఫుట్‌బాల్! టెక్కలి, నరసన్నపేట జట్లు. టిక్కెట్టు ముప్పై. శనివారం సాయంత్రంలోపు కొంటే ఇరవై. పిల్లలకి ఉచితం. ఆదివారం, మూడుంబావు, కాలేజీ గ్రౌండు!' రోజు, వేళ, చోటు రెండుసార్లు వచ్చాయి గమనించండి. వెనక పాట పెట్టొద్దు, పాట వినబడుతుంది, మాట వినబడదు.

తిప్పాల్సింది సంత రోజు పొద్దున, మ్యాచ్ ముందు రోజు సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా, మ్యాచ్ రోజు పదకొండు లోపు. లౌడ్‌స్పీకరుకి పోలీసుల రాతపూర్వక అనుమతి కావాలి. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా నిషేధం. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ వంద మీటర్ల లోపల మైకు ఆపేయాలని డ్రైవరుకి విడిగా చెప్పండి. మార్చిలో ఇంటర్, పదో తరగతి పరీక్షలప్పుడు మైకు ప్రచారం అసలే పెట్టుకోవద్దు. అనుమతి దొరికినా తల్లిదండ్రుల దగ్గర పేరు పోతుంది.

వాట్సాప్‌లో 256 మందికి ఒకేసారి పంపుతున్నాం. నలభై మందే చూస్తున్నారు.
— బొబ్బిలి

బ్రాడ్‌కాస్ట్ సందేశం మీ నంబరు తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. మిగతావాళ్లకి వెళ్లినట్టు మీకు కనిపించినా వాళ్లకి రాదు. టిక్కెట్టు అమ్మేటప్పుడే 'ఈ నంబరు సేవ్ చేసుకోండి, పై మ్యాచ్ సంగతి వస్తుంది' అని చెప్పి అక్కడికక్కడే చేయించండి.

పోస్టరు బొమ్మతో పాటు అదే విషయం అక్షరాల్లో కూడా పంపాలి. బొమ్మ డౌన్‌లోడు చేసుకోనివాళ్లూ, వెతుక్కునేవాళ్లూ అక్షరాల మీదే ఆధారపడతారు. గ్రౌండు లొకేషన్ పిన్ జతచేయండి. రీల్స్‌కి గ్రాఫిక్స్ అక్కర్లేదు. మీ స్ట్రైకరు ప్రాక్టీసులో కొట్టిన ఒక గోలు, కింద రోజు, వేళ, అంతే. ఆ కుర్రాడి వీధి వీధంతా దాన్ని స్టేటస్‌లో పెట్టుకుంటుంది.

ఏ దారిన ఎన్ని టిక్కెట్లు తెగాయో తెలుసుకోవడానికి రంగులు వాడండి. వాట్సాప్‌లో అడిగి కొన్నవాళ్లకి పసుపు, కిరాణా కొట్లో కొన్నవాళ్లకి గులాబీ, కాలేజీలో ఆకుపచ్చ, గేటులో తెలుపు. మ్యాచ్ అయ్యాక డబ్బాలో ముక్కలు రంగుల వారీగా వేరు చేస్తే పదినిమిషాల్లో తెలుస్తుంది, వచ్చేసారి ఖర్చు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ మానేయాలో.

గేటులో ఫోన్‌పే చేశామని స్క్రీన్‌షాట్లు చూపించి లోపలికి పోతున్నారు.
— ఆమదాలవలస

స్క్రీన్‌షాట్‌ని ఎవరైనా తయారుచేస్తారు. డబ్బు వచ్చిందో లేదో మీ ఫోన్లో చూడాలి గానీ వాళ్ల ఫోన్లో కాదు. సౌండ్‌బాక్సు ఉంటే మేలు. అనుమానం వస్తే 12 అంకెల యూపీఐ రిఫరెన్సు నంబరు మీ ఖాతాలో వచ్చినదానితో సరిపోల్చండి. గ్రౌండులో జనం పెరిగేకొద్దీ నెట్‌వర్కు నెమ్మదిస్తుంది. అందుకే ముందస్తు టిక్కెట్లున్నవాళ్లకి ఒక వరుస, కొనేవాళ్లకి వేరే వరుస ఉండాలి. చించి పంపడం చకచకా సాగుతుంది, అమ్మడం నిమిషానికి నలుగురైదుగురికి మించి కష్టం. ఆట మొదలయ్యే ముందు ఇరవై నిమిషాల్లో 300 మంది కొనడానికొస్తే మూడు నాలుగు కౌంటర్లు కావాలి. ముప్పై టిక్కెట్టుకి చిల్లర పెద్ద బెడద, ప్రతి కౌంటరులో పది రూపాయల నోట్లు వంద, ఇరవై రూపాయల నోట్లు యాభై పెట్టుకోండి.

ఆడవాళ్లు, కుటుంబాలు రావడం లేదు. టిక్కెట్టు సగానికి తగ్గిస్తే వస్తారా?
— గజపతినగరం

ధర వల్ల రాకపోతే కదా తగ్గించడం! మరుగుదొడ్డి ఉందా, నీడన కూర్చునే చోటు విడిగా ఉందా, మైకులో మాట్లాడేవాడి నోరు మంచిదేనా? ముందు అవి సరిచేసి, ఆ సంగతే పోస్టరు మీద వేయండి: 'కుటుంబాలకి విడిగా టెంటు, మరుగుదొడ్లు ఉన్నాయి.' సగం ధర కంటే ఈ ఒక్క వాక్యం ఎక్కువమందిని తెస్తుంది. దానికి తోడు విరామంలో పదేళ్లలోపు పిల్లలకి సగం గ్రౌండులో పది నిమిషాల ఆట పెట్టండి. ఇరవై మంది పిల్లలు ఆడితే నలభై మంది తల్లిదండ్రులు వస్తారు, తాతలు, అమ్మమ్మలు వేరే.

ఇక్కడ అందరికీ క్రికెట్టే. బయటి దేశాల్లో చిన్న క్లబ్బులు పెద్ద జట్ల పోటీని ఎలా తట్టుకుంటున్నాయి?
— ఒక విద్యార్థి, ఎచ్చెర్ల

ఇంగ్లండులో దిగువ స్థాయి క్లబ్బుల కోసం 2010 నుంచి 'నాన్-లీగ్ డే' జరుగుతోంది. దేశాల మధ్య మ్యాచ్‌ల కోసం పెద్ద లీగులు ఆగిన శనివారాన్ని ఎంచుకుంటారు. ఆ రోజు పెద్ద జట్ల అభిమానులకి పని ఉండదు, చిన్న క్లబ్బులు వాళ్లని తక్కువ ధరకి పిలుస్తాయి. కొన్ని క్లబ్బులు 'మీకు తోచినంత ఇచ్చి లోపలికి రండి' అంటాయి. అక్కడ శనివారం మధ్యాహ్నం 2.45 నుంచి 5.15 దాకా టీవీలో ఫుట్‌బాల్ ప్రత్యక్ష ప్రసారం కూడా ఉండదు, గ్రౌండుకి వెళ్లేవాళ్లు తగ్గకూడదని.

మనకి అలాంటి కట్టుబాటు లేదు, కాబట్టి మనమే తప్పుకోవాలి. ఇండియా క్రికెట్ మ్యాచ్ తేదీలు చూసుకోకుండా మీ తేదీ వేయొద్దు. ఐపీఎల్ రోజుల్లో సాయంత్రం మ్యాచ్ 7.30కి, రెండు మ్యాచ్‌లున్న రోజు మొదటిది 3.30కి. ఒకే మ్యాచ్ ఉన్న రోజు మీ మధ్యాహ్నం ఖాళీయే. విజయనగరంలో అయితే సిరిమానోత్సవం మంగళవారం, దాని ముందు రోజు కూడా వదిలేయండి, ఊరంతా పైడితల్లమ్మ దగ్గరే ఉంటుంది. కేరళ మలబారులో సెవెన్స్ ఫుట్‌బాల్, అంటే జట్టుకి ఏడుగురే ఆడే ఆట, రాత్రి లైట్ల కింద టిక్కెట్ల మీదే నడుస్తుంది. పని ముగించుకున్న మనిషికి దొరికే వేళ అది.

తెలుగు నేలకి ఫుట్‌బాల్ కొత్తేమీ కాదు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన భారత జట్టుకి శిక్షకుడు హైదరాబాదు రహీమ్. కానీ పాత గొప్ప చెప్పుకుంటే ఈ ఆదివారం టిక్కెట్టు తెగదు. ఎదురు జట్టుగా పక్క ఊరిని పిలవండి. పక్క ఊరి చేతిలో ఓడిపోకూడదన్న పట్టుదల ఉన్నచోట క్రికెట్ ఇష్టపడేవాడు కూడా వస్తాడు.

టిక్కెట్లు అమ్మేశాక వాన పడితే?
— ఇచ్ఛాపురం

అక్టోబరు, నవంబరుల్లో మీ తీరానికి తుపాన్ల భయం ఉంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది కదా. ఆ రెండు నెలల్లో టిక్కెట్టు మీద ముందే మూడు వాక్యాలు వేయించండి. ఆట మొదలు కాకముందే రద్దయితే ఇదే టిక్కెట్టు వాయిదా తేదీకి చెల్లుతుంది, వద్దనుకునేవాళ్లకి మూడు రోజుల్లో ఫలానా కొట్టు దగ్గర డబ్బు వాపసు. మొదటి సగంలో ఆగిపోతే వాయిదా తేదీకి చెల్లుతుంది, డబ్బు వాపసు లేదు. రెండో సగం మొదలయ్యాక ఆగితే ఏదీ లేదు.

వాపసు అన్నారంటే గేటులో చించాక ప్రేక్షకుడి చేతిలో మిగిలే భాగం మీద నంబరు చదవగలిగేలా ఉండాలి, లేకపోతే ఎవరికి ఇచ్చారో, ఎవరికి ఇవ్వలేదో తేలదు. ఇచ్చిన ప్రతి టిక్కెట్టుకీ మూల కత్తిరించండి. టెంటువాడితో కూడా ముందే మాట్లాడుకోండి: వాన పడి రద్దయితే అడ్వాన్సు వాయిదా తేదీకి జమ అవుతుందా, పోతుందా? ఈ మాట టెంటు దిగాక అడిగితే జవాబు వేరుగా ఉంటుంది.